గడిలో పట్టని మాట

అల్లూరు,
2 సెప్టెంబర్ 2024.

బావకి,

అయినా ఆ మాట రాయడానికి వాడికి చెయ్యి ఎట్లా వచ్చిందో నాకు అర్థం కావడంలేదు బావా. ముప్పై ఏళ్లుగా ఒకే గట్లమీద తిరుగుతా ఉండాం. వాడి రొయ్యల గుంటలో వల విసిరి విసిరి నా కుడిభుజం ఎడమభుజం కంటే ఒక అంగుళం కిందికి దిగింది. నమ్మకపోతే మా దర్జీని అడుగు. అట్లాంటి మనిషి గురించి ఒక మాట రాయమంటే, ఉండే మాటలన్నీ వదిలేసి అదే దొరికిందా?

నీకు మొదటినుంచి చెప్పాలి గదా. ఫోన్లో చెబుదామంటే నీ చెవి మిషను ఈలేస్తుంది. నేను ఇల్లు కాలిపోయిందన్నా నువ్వు "ఆ, అందరం బాగున్నాం" అంటావు. అందుకని మళ్లీ ఈ కవరు.

ఈడ రొయ్యలు కొనే కంపెనీ మారింది. కొత్తవాళ్లు పాత పనివాళ్లని ఒక్కొక్కళ్లనీ విచారించి పెట్టుకుంటారంట. నేను వల మనిషిని. పట్టుబడికి ముందు విసురు వల వేసి, పడిన రొయ్యలు కిలోకి ఎన్ని తూగుతాయో చూపించేది నేనే. తక్కువ తూగితే రొయ్య పెద్దదని అర్థం. ఆ కౌంట్ మీదనే రైతుకీ కంపెనీకీ బేరం. నీకు వరి తప్ప తెలియదని ఇంత విడమరచి చెప్తా ఉండా.

నన్ను ఎరిగినవాళ్లు ఇద్దరి చేత నా గురించి ఒక్కొక్క మాట రాయించుకున్నారు. వాళ్లు ఎవరెవరో చెప్పరు. మొన్న ఆఫీసుకి పోతే, కంప్యూటర్ దగ్గర కూర్చునే భానుప్రియ టీకి లేచింది. బల్లమీద కాయితం. నా పేరు ఇంగ్లీషులో ఎట్లుంటుందో నాకు తెలుసు. దానికి ఎదురుగా ఒకరు హార్డ్ వర్కింగ్ అని రాసినారు. అది తెలిసిన మాటే, సినిమాల్లో కూడా వస్తుంది. ఇంకొకరు వేరే మాట రాసినారు. అక్షరాలు చేతిమీద రాసుకున్నాను. ఎవరి సంగతో అన్నట్టు ఆ అమ్మాయినే అడిగినాను.

"కన్నింగ్ అంకుల్. నక్క తెలివి అన్నమాట. ఎవరినన్నారు?"

"మా పిల్లిని" అని చెప్పి వచ్చేసినాను.

ఈ నెల 27న మేనేజరు మధుబాబు రైతులందరి ముందర, నన్ను ఉంచేదీ తీసేదీ తేలుస్తాడు. యాభై ఆరేళ్లకి నేను కొత్తగా ఏం పని నేర్చుకునేది బావా? వల తప్ప చేతికి ఇంకేదీ తెలియదు.

రాసింది ఆ గుంటల చెంచయ్యే. పోయిన పట్టుబడికి నలభై ఎనిమిది కౌంట్ వస్తుందని ఆశపడినాడు. నేను విసిరితే యాభై రెండు వచ్చింది. ఆరోజు నాకు కాఫీలో చక్కెర తక్కువేసి పోసినాడు. అప్పుడే అనుకున్నాను.

నువ్వు ముప్పై మూడేళ్లు పిల్లకాయలకి ఇంగ్లీషు చెప్పినవాడివి. ఆ మాటకి సరిగ్గా ఎంత చెడ్డ అర్థమో కొలిచి రాయి. అక్కకి దండాలు.

నీ బామ్మర్ది,
సమాధానం
(పేరు ఒకటే. లోపల ఉండేవన్నీ ప్రశ్నలే.)


బుచ్చిరెడ్డిపాలెం,
5 సెప్టెంబర్ 2024.

ప్రియమైన సమాధానానికి,

నీ ఉత్తరం అందింది. మీ అక్క ఎలిశబెతు పైకి చదవమంది. సగం చదివి, కళ్లజోడు కనిపించడం లేదన్నాను. జోడు నా ముక్కుమీదే ఉందని ఆమె చెప్పలేదు. పెద్ద మనసు.

ఇవాళ టీచర్స్ డే. పాత శిష్యులు ఇద్దరు వచ్చి శాలువాలు కప్పిపోయారు. ఇంట్లో ఇప్పటికి పదమూడు ఉన్నాయి. ఈ ఎండలకి కప్పుకోవడానికి ఎవరైనా ఒక చల్లని ఊరు బహుమతిగా ఇస్తే బాగుండు.

ఇక నీ మాట. నక్క తెలివి అని ఆ అమ్మాయి అనడం తొందరపాటు. ఇంగ్లీషులో తెలివి పక్కదారి పట్టే మాటలు చాలా ఉన్నాయి, అన్నీ ఒకే రంగు కావు. ష్రూడ్ అనేవాడు పదిమందికీ కనపడనిది ముందుగా చూస్తాడు. వాడివల్ల ఎవరికీ నష్టం ఉండాలని లేదు. స్లై అనేవాడు చప్పుడు చెయ్యడు, ముఖంలో ఏమీ కనపడనివ్వడు, పిల్లిలాగా. కన్నింగ్ ఈ రెండింటికీ మధ్యన ఎక్కడో ఉంటుంది. తను అనుకున్నచోటికి ఎదుటివాడికి తెలియని దారిలో చేరుకునేవాడు. చేరేది మంచిచోటా చెడ్డచోటా అనేది ఆ మాట చెప్పదు. పూర్వం పనితనం గల మనిషిని కూడా ఆ మాటతోనే మెచ్చుకునేవాళ్లు. నా దగ్గరున్న లావుపాటి నిఘంటువులో ఆ అర్థం ఇప్పటికీ ఉంది, కొంచెం చివరలో.

కాబట్టి రాసినవాడెవరో పాత పుస్తకాలు చదివినవాడై, నిన్ను మెచ్చుకుని ఉండవచ్చు. చెంచయ్యతో ఏమీ అనవద్దు. ఆయన రాసి ఉంటాడని నేను అనుకోవడం లేదు. ఎందుకు అనుకోవడం లేదని అడగవద్దు. ఊరికే అనుకోవడం లేదు.

భుజానికి నువ్వులనూనె రాసుకో.

మీ బావ,
రాజ్ కుమార్


అల్లూరు,
9 సెప్టెంబర్ 2024.

బావకి,

నీ ఉత్తరం చదవకముందు ఒక్క మాటే అర్థం కాలేదు. ఇప్పుడు మూడు. పిల్లి చప్పుడు చెయ్యదన్నావు. మా పిల్లి చేపల తట్ట ముందు కూర్చుని ఊరంతా వినపడేటట్టు అరిచి మరీ తింటుంది. అది ఏ మాట కిందికి వస్తుంది?

చెంచయ్యతో నేనేమీ అనలేదు, నువ్వు చెప్పినట్టే. ఒక్క పని మాత్రం జరిగిపోయింది. ఈడ పద్ధతి నీకు తెలుసు గదా, మొదటి వలలో పడింది వల మనిషి ఇంటికి పోవాలి. శుక్రవారం వాడి రెండో గుంటలో వల వేసినాను. సాయంత్రం స్టీలు బేసిన్ నిండా రొయ్యలు పంపించినాడు. నేను మూత కూడా తియ్యకుండా తిప్పి పంపినాను. ఈ గట్లమీద ఇట్లాంటి పని ఎవరూ చేసి ఉండరు. మీ చెల్లెలు "ఆ రొయ్యలేం పాపం చేసినాయి" అని రెండు రోజులుగా నాకు చారే పోస్తా ఉంది. చెంచయ్య నిన్న కొట్టు దగ్గర నన్ను చూసి ఏదో అడగబోయి ఆగిపోయినాడు. నేను నా చెప్పుల్ని చూసుకున్నాను.

రాత్రిళ్లు పడుకుని, నేను చేసిన వాటిల్లో ఏది వీళ్లకి తెలిసిపోయిందా అని వెతుక్కుంటా ఉండా. వెతికితే దొరికేవి చాలానే ఉండాయి బావా. నీదగ్గర ఒకటి ఇప్పుడే చెప్పేస్తాను, మనసు తేలికైతుంది. నువ్వు అక్కని చూసుకోవడానికి వచ్చినరోజు బొమ్మిడాల పులుసు తిని, మూడుసార్లు వేయించుకున్నావే, అది అక్క చేసింది కాదు. మా పెద్దమ్మ చేసింది. అక్క చేసిందని చెప్పింది నేను. ముప్పై నాలుగేళ్లయింది. ఇది స్లై కిందికి వస్తుందా, కన్నింగ్ కిందికా?

ఇంకోటి పెద్దది. అది నీకొక్కడికే తెలుసు. పోయిన క్రిస్మస్‌కి మీ మేడమీద చెప్పినాను, గుర్తుందా. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ దగ్గర పెద్ద రొయ్యలు ఉంటాయి, మూలల్లో చిన్నవి. వల మనిషి కావాలనుకుంటే ఎవరివైపైనా విసరగలడు. అందుకే ఈడ నా కళ్లకి తువ్వాలు కట్టి, మూడుసార్లు తిప్పి, నడుముకి తాడు కట్టి ఒకరు పట్టుకుంటారు. నేను గట్టుమీద నడిచి, నిలబడిన చోట విసరాలి, అట్లా మూడు వలలు. అప్పుడు ఏది పడితే అది. రెండు పక్షాలకీ నోరుండదు.

కానీ నాకు తెలుస్తుంది బావా. ఏరేటర్ చప్పుడు, కాలికింద మట్టి మెత్తదనం, సముద్రం గాలి ఏ చెంపకి తగులుతుందో, అన్నీ చెప్పేస్తాయి. అందుకని ఒకసారి పెద్దవాటి మీద, ఒకసారి చిన్నవాటి మీద, మూడోది నడిమధ్యన విసురుతాను. మూడూ కలిపితే గుంటలో నిజంగా ఉండే కౌంటే వస్తుంది. గుడ్డిగా విసిరితే ఎవడో ఒకడు మునుగుతాడు. నేను ఎవరినీ ముంచలేదు. కానీ కళ్లు మూసుకున్నట్టు ముప్పై ఏళ్లుగా అందరినీ నమ్మించినాను.

ఇదేమైనా చెంచయ్య పసిగట్టినాడేమోనని నా భయం. కాబట్టి నువ్వు ఒక పని చెయ్యి. మధుబాబుకి మంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయి. చెంచయ్య నామీద కోపం పెట్టుకుని ఆ మాట రాసినాడు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని. నీ ఇంగ్లీషుకి ఎవరూ ఎదురు చెప్పలేరు.

చారు తాగలేక,
సమాధానం


బుచ్చిరెడ్డిపాలెం,
12 సెప్టెంబర్ 2024.

సమాధానానికి,

ముందు పులుసు సంగతి. అది మీ పెద్దమ్మ చేసిందని పెళ్లైన నెలకే మీ అక్క చెప్పింది. అయినా ప్రతి ఏడూ "ఆరోజు పులుసు లాంటిది మళ్లీ చెయ్యలేదే" అని నేను అంటూనే ఉంటాను. ఆమె నవ్వుతుంది. ఆ ఒక్క మాటమీద మా సంసారం సగం నడిచింది. కాబట్టి దాన్ని నీ పాపాల్లోంచి కొట్టెయ్యి.

మధుబాబుకి ఆ ఉత్తరం నేను రాయను. చెయ్యని పని ఒక మనిషి మీద పెట్టడం డిసీట్. ఈ మాటలన్నిటిలోకీ నాకు నచ్చనిది అదే. ఎదుటివాడు అబద్ధాన్ని నిజమనుకోవాలని కోరుకోవడం అందులో ఉంది. క్రాఫ్టీ అనేవాడు మెట్టుమెట్టుగా పథకం వేస్తాడు. వైలీ అనేవాడు కొర్రమీనులాగా పట్టుకున్న ప్రతి చేతిలోంచీ జారిపోతాడు. ఇద్దరినీ చూసి కాస్త నవ్వుకోవచ్చు. డిసీట్‌ఫుల్ అనే మనిషిని చూసి ఎవరూ నవ్వరు.

నువ్వు గట్టుమీద చేసేది వీటిలో ఏదంటే, నేను చాలా ఆలోచించాను. నిజం దాచావు. దాచి, నిజమైన కౌంట్ చూపించావు. నిజాయితీపరుడు అని ఎవరైనా రాయాలంటే చెయ్యి ఆగుతుంది. మోసగాడు అని రాయాలన్నా ఆగుతుంది. మంచి అర్థంలో అని పక్కన చేర్చుదామంటే, అంత చిన్న గడిలో రెండో మాట పట్టదు కదా. రాసినవాడి కష్టం కూడా చూడాలి.

చెంచయ్యకి ఆ బేసిన్ గురించి ఏదైనా ఒక మంచిమాట చెప్పు. ఇది నా ఆజ్ఞ అనుకో.

మీ అక్క నిమ్మకాయ ఊరగాయ పంపుతానంటోంది. చారులోకి పనికొస్తుంది.

మీ బావ,
రాజ్ కుమార్


అల్లూరు,
16 సెప్టెంబర్ 2024.

బావకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. ఊరగాయ ఒకసారే తిన్నాను, సగం సీసా అయిపోయింది. మీ చెల్లెలు అక్కకి దండాలు చెప్పమనింది.

నాకు ఒక చిన్న అనుమానం. ఆ కాయితంలో గడులు ఉండాయని నేను రాయలేదే. అవి చిన్నవని అసలే రాయలేదు. నా మొదటి ఉత్తరం మీ ఇంట్లోనే ఉంటుంది గదా, తీసి చూడు. నీకు ఎవరు చెప్పినారు బావా?

నేనేమీ అనడంలేదు. నీకు వైలీ, క్రాఫ్టీ, స్లై అన్నీ కొట్టినపిండి కాబట్టి అడుగుతా ఉండా. ఒకడు ఒక పని చేస్తాడు. దాని గురించి పక్కవాడు వచ్చి వాడినే సలహా అడుగుతాడు. వాడు తనకేమీ తెలియనట్టు, పూర్వం అట్లా అనేవాళ్లు, నిఘంటువు చివర్లో ఇట్లా ఉంది అని చెప్తాడు. వాడిని ఇంగ్లీషులో ఏమంటారు? గడిలో పట్టకపోయినా ఫర్వాలేదు. కవరు పెద్దదే.

చెంచయ్యకి ఇంకా మంచిమాట చెప్పలేదు. ఏ ముఖంతో చెప్పాలో తేలాక చెప్తాను.

బామ్మర్ది


బుచ్చిరెడ్డిపాలెం,
20 సెప్టెంబర్ 2024.

సమాధానం,

వాడిని కవర్డ్ అంటారు. పిరికివాడు. నువ్వు అడిగిన జాబితాలో లేదు కానీ సరైన మాట అదే.

రాసింది నేనే. మధుబాబు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు. ఆగస్టులో ఇంటికి వచ్చి, "సార్, ఆయన మీకు బంధువని తెలుసు. అయినా మీరు అబద్ధం రాయరని అడుగుతున్నాను" అన్నాడు. ఆ ఒక్క ముక్క అనకుండా ఉంటే నిజాయితీపరుడు అని రాసి కాఫీ తాగేవాణ్ని. అబద్ధం రాయరు అన్నాడు కదా, ఇక పెన్ను కదల్లేదు. కాగితం మీద గడి నా బొటనవేలంత ఉంది. నువ్వు మేడమీద చెప్పిందంతా గుర్తొచ్చింది. నిజానికి దగ్గరగా ఉండే మాట కోసం చాలాసేపు వెతికాను. పాత అర్థంలో కన్నింగ్ రాశాను. ఈరోజుల్లో ఆ పాత అర్థం నాకూ నా నిఘంటువుకీ తప్ప ఎవరికీ గుర్తులేదని అప్పుడు తట్టలేదు.

నీ మొదటి ఉత్తరం వచ్చినరోజే చెప్పి ఉండాల్సింది. నువ్వు చెంచయ్య అన్నావు. అమ్మయ్య అనుకున్నాను. ఆ అమ్మయ్యే నన్ను పదిహేను రోజులుగా తినేస్తోంది. నావల్ల ఆయన రొయ్యలు తిరిగి వెళ్లాయి.

మధుబాబుకి వివరంగా రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. తువ్వాలు సంగతి చెప్పకుండా ఆ మాటని వివరించలేను. అది చెబితే నీ పని పోతుంది. చెప్పకపోతే ఆ మాటవల్ల పోతుంది. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఏమన్నా రాస్తాను, అబద్ధం తప్ప. ఆలోచించు, కావాలంటే అబద్ధం కూడా రాస్తాను.

మీ అక్కకి అంతా చెప్పాను. నాతో మాట్లాడటం లేదు. పులుసు గురించి అన్నా నవ్వలేదు.

రాజ్ కుమార్


అల్లూరు, గట్టుమీద గుడిసె,
28 సెప్టెంబర్ 2024.

బావకి,

నువ్వు మధుబాబుకేమీ రాయొద్దనే నీ ఉత్తరానికి జవాబు రాయలేదు. కోపం ఉండింది, లేదని చెప్పను. రెండు రోజులు ఉండింది. మూడోరోజు, నీ జాగాలో నేనుంటే ఏం రాసేవాడినా అని ఆలోచించినాను. పెన్ను నాకూ కదల్లేదు. నాకైతే ఆ ఒక్క మాట కూడా తట్టి ఉండేది కాదు.

నిన్న ఆఫీసు ముందర షామియానా వేసినారు. నలభైమంది రైతులు. మధుబాబు కాయితం చూసి, "ఒకరు బాగా కష్టపడతాడన్నారు. ఇంకొకరు వేరేరకంగా అన్నారు. సమాధానం గారూ, మీరేమైనా చెప్తారా?" అన్నాడు. మర్యాదస్తుడు. నీ పేరు బయటపెట్టలేదు.

నేను లేచినాను. ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు బావా. చెంచయ్య మొదటి వరసలో కూర్చుని తన చెప్పుల్ని చూసుకుంటా ఉండాడు. అది చూసినాక నాకు ఇంకేమీ దాచబుద్ధి కాలేదు.

"నా కళ్లకి తువ్వాలు కట్టినా ఎక్కడ విసురుతా ఉండానో నాకు తెలుస్తుంది సార్. ముప్పై ఏళ్లుగా తెలుసు. ఒకసారి పెద్దవాటిమీద, ఒకసారి చిన్నవాటిమీద కావాలనే వేసినాను. కౌంట్ సరిగ్గా రావాలని. ఆ కాయితంలో రాసింది తప్పేమీ కాదు" అన్నాను.

ఇంక ఇంటికి పోయి మీ చెల్లెలికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తా ఉంటే చెంచయ్య లేచినాడు.

"అది మాకు తెలుసు గదా సార్" అన్నాడు.

"ఏం తెలుసు అబ్బయ్యా నీకు?" అన్నాను.

"కళ్లు కట్టుకున్న మనిషికి, ఏ గుంటలో చూసినా ఒకసారి పెద్దవి, ఒకసారి చిన్నవి, ఒకసారి నడిమివి వరస తప్పకుండా పడతాయా? దేవుడు కూడా అంత పద్ధతిగా వెయ్యలేడు. పదిహేనేళ్లుగా చూస్తా ఉండాం. మాకేమన్నా కళ్లకి తువ్వాళ్లు కట్టినావా?"

వెనకనుంచి ఎవడో "పాత కంపెనీవాళ్లకి కూడా తెలుసులే" అన్నాడు. నలభైమందీ తలలూపినారు. ఒక్కడన్నా ఆశ్చర్యపోతాడేమోనని వెతికినాను. నేను తప్ప ఎవరూ దొరకలేదు.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదే?"

"చెప్తే నువ్వు మానేస్తావు. నిజంగా గుడ్డిగా విసరడం మొదలుపెడతావు. అప్పుడు మేం మునిగిపోమా?"

మధుబాబు తల గీరుకున్నాడు. "మీ అందరికీ తెలిస్తే ఇంక ఆ తువ్వాలు ఎందుకండీ? తీసేద్దాం" అన్నాడు. దానికి మాత్రం అందరూ ఒక్కసారిగా లేచినారు. తువ్వాలు ఉండాల్సిందేనంట. కళ్లు తెరిచి విసిరితే, తక్కువ వచ్చినవాడు నాతో పోట్లాడతాడు. కట్టుకుని విసిరితే ఎవడికీ నోరు లేవదు. తెలిసినా లేవదు. అది వాళ్ల వాదన. ఆయన రెండుసార్లు చెప్పించుకుని, రెండుసార్లూ అర్థం కాక, చివరికి పెన్ను తీసినాడు. నీ మాట కొట్టెయ్యలేదు బావా. దాని పక్కన ఓకే అని రాసినాడు. చూసినావా, గడిలో రెండో మాట పట్టింది.

నా పని నిలబడింది. నిలబడిందని అనుకుంటా ఉండా. నాకు మాత్రం ముందుకంటే ఎక్కువ గందరగోళంగా ఉంది. ముప్పై ఏళ్లు నేను వాళ్లని నమ్మిస్తా ఉండానని అనుకున్నాను, వాళ్లేమో నమ్మినట్టు నన్ను నమ్మించినారు. పులుసు సంగతిలో నువ్వూ అంతే. ఇందులో స్లై ఎవరు, కన్నింగ్ ఎవరు? నువ్వు చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే తీసి చెంచయ్యకి తొడిగి చూసినాను. ఒకటి బిగుతు, ఒకటి వదులు.

అక్కకి నేను వేరే రాస్తా ఉండా, నీతో మాట్లాడమని. ఈసారి పులుసు మెచ్చుకోకుండా, ముందు ఆ పదమూడు శాలువాల్లో ఒకటి ఆమెకి ఇవ్వు.

నేను తిప్పి పంపిన బేసిన్ ఈ పొద్దున మళ్లీ గుమ్మంలో ఉంది. రొయ్యల్లేవు. తోమి, తుడిచి, బోర్లించి పెట్టి ఉంది. అది తిట్టా, పిలుపా అని మీ చెల్లెలూ నేనూ కాఫీ చల్లారేదాకా చూసినాం. చేతిలో పట్టుకునే వచ్చినాను. ఇవాళ వాడి మూడో గుంట. వాడు ఎదురొచ్చి బేసిన్ వైపు చూసినాడు, నావైపు చూసినాడు, గట్టెక్కినాడు. ఇట్లా ఇద్దరికీ అంతా తెలిసి, ఇద్దరూ తెలియనట్టే ఉండి, దానివల్ల ఎవరికీ అన్యాయం జరగకుండా ఉంటే, ఆ పనికి నీ లావుపాటి నిఘంటువులో చివరాఖరునైనా ఒక మాట ఉంటే చూసి రాయి. నాకు తోచింది చెప్తాను, నువ్వు నవ్వొద్దు, నాకైతే అది మోసం కాదు, తెలివి కూడా కాదు, అది బహుశా, ఉండు, చెంచయ్య కేకేస్తా ఉండాడు, "ఒరే సమాధానం, రాసింది చాలుగానీ తువ్వాలు కట్టుకో రా, ఆ బేసిన్ కూడా తీసుకురా" అని, నేను చెప్పొచ్చేదేమంటే బావా, అది